అల్లం ముందా, పాలు ముందా?

పోయిన సంచికలో ఒకరికి జవాబిస్తూ, ఖరీదైన టీ పొడికి మారే ముందు గిన్నెలో ఏది ఎప్పుడు వేస్తున్నారో చూసుకోండి అని రాశాను. ఆ ఒక్క మాట మీద చాలా ప్రశ్నలు వచ్చాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం టీకే. వంటింట్లో, పెరట్లో దొరికే వాటితోనే రుచి తెచ్చుకునే సంగతులు ఇవి. సీసాల్లో అమ్మే ఎసెన్సుల జోలికి పోవడం లేదు.

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో అల్లం టీ అంటే అందరికీ ప్రాణం. కానీ తరచూ పాలు విరిగిపోతున్నాయి. పాలు మంచివే, పొద్దున వచ్చిన ప్యాకెట్టే. మా అత్తగారేమో అల్లం మానెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: అల్లం మానక్కర్లేదమ్మా, అది వేసే సమయం మార్చండి చాలు. పచ్చి అల్లంలో జింజిబెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని ప్రొటీన్‌ని అది తెగ్గొట్టేస్తుంది, విరగడానికి కారణం అదే. పాలు ఇంకా మరగకుండా బాగా వేడిగా ఉన్నప్పుడు, సుమారు 60 డిగ్రీల దగ్గర, దాని జోరు ఎక్కువ. అదే ముందు నీళ్లలో వేసి కళపెళా మరిగిస్తే దాని శక్తి పోతుంది, తర్వాత పాలు పోసినా ఏమీ చేయలేదు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు ఈ గుణాన్నే వాడుకుని, అల్లం రసం మీద వేడి పాలు పోసి కదపకుండా ఉంచి, గడ్డకట్టాక చెంచాతో తింటారు, అక్కడ అదొక మిఠాయి. మీ గిన్నెలో జరుగుతున్నదీ అదే పని.

ఇలా చేసి చూడండి. రెండు కప్పుల టీకి ఒక కప్పు నీళ్లు పెట్టి, బొటనవేలి గోరంత అల్లం ముక్కను కచ్చాపచ్చాగా దంచి, నీళ్లు మరగడం మొదలయ్యాక వేసి మూడు నాలుగు నిమిషాలు బాగా మరగనివ్వండి. నీళ్లు లేత పసుపు రంగుకి తిరుగుతాయి, ముక్కుకి కొట్టే పచ్చి వాసన తగ్గి కాస్త తియ్యటి ఘాటు వస్తుంది, అదీ గుర్తు. అప్పుడు రెండు చెంచాల టీ పొడి, అది రెండు నిమిషాలు మరిగాక ఒక కప్పు పాలు. పాలు ముందే కాచినవైతే మరీ మంచిది. పాలు పోశాక అల్లం గుర్తొచ్చి పైన తురమడం, రసం పిండటం మాత్రం వద్దు, విరిగేది ఎక్కువగా అప్పుడే.

అల్లాన్ని తురిమితే రసమంతా ఒక్కసారిగా దిగి గొంతు పట్టుకుంటుంది, దంచితే ఘాటు నెమ్మదిగా దిగుతుంది, నేనైతే దంచమనే చెప్తాను. లేత అల్లంలో నీళ్లెక్కువ, కారం తక్కువ. పీచు పట్టిన ముదురు అల్లమే టీకి సరైనది. దుంప లేకపోతే శొంఠి వాడొచ్చు, కానీ అల్లం ఎండేటప్పుడు దానిలోని కారం ఇంకా ఘాటైన రూపానికి మారుతుంది, కాబట్టి కప్పుకి చిటికెడు మించకూడదు, దాన్ని కూడా నీళ్లలోనే వేయండి. ఇన్ని చేసినా విరుగుతుంటే అప్పుడు పాలను అనుమానించండి, కొన్ని పాలు విడిగా కాచి చూస్తే తేలిపోతుంది. ఎండాకాలం ప్యాకెట్ పాలు బండి మీదే వేడెక్కి పులుపు తిరగడం మొదలవుతాయి, వాసనకు తెలియదు, పొయ్యి మీద పెడితేనే బయటపడుతుంది.

ప్రశ్న: పంచదార మానేసి అనకాపల్లి బెల్లం వాడుతున్నాం. బెల్లం టీ ఒకరోజు అమృతంలా ఉంటోంది, ఇంకోరోజు విరుగుతోంది. బెల్లంలో ఏమైనా కలిసిందా?
- విశాఖపట్నం నుంచి

జవాబు: కలవకపోయినా విరుగుతుందండి. బెల్లానికి సహజంగానే కొంచెం పులుపు గుణం ఉంటుంది, దానికి తోడు ఖనిజ లవణాలు. మరుగుతున్న పాలలో అవి పడితే ప్రొటీన్ ముద్దకడుతుంది. ఒక్కో అచ్చుకి ఈ పులుపు ఒక్కోలా ఉంటుంది కాబట్టే మీకు ఒకరోజు కుదిరి ఒకరోజు కుదరడం లేదు. పొయ్యి కట్టేసి, టీ వడకట్టి, ఒక నిమిషం ఆగి, తరిగిన బెల్లం కప్పులోనే వేసి కలుపుకోండి. వేసినాక మళ్లీ పొయ్యెక్కించకూడదు, చల్లారిపోయిన బెల్లం టీని వేడి చేయాలనుకుంటే విరగడం దాదాపు ఖాయం.

రోజూ తరుక్కునే ఓపిక లేకపోతే అరకిలో బెల్లానికి ఒక గ్లాసు నీళ్లు పోసి కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టి, తేనెలా జారేదాకా కాచి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. బెల్లంలో ఉండే ఇసుక, చెరకు పిప్పి ఆ గుడ్డలో మిగిలిపోతాయి, ఒక్కసారి చూస్తే ఇక ఎప్పుడూ వడకట్టకుండా వాడరు. రంగు చూసి మోసపోవద్దు. మరీ పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వాడేవాళ్లున్నారు. టీకి ముదురు గోధుమ రంగు బెల్లమే రుచి. తాటిబెల్లం వేస్తే దాని వాసన ముందు యాలకులు నిలబడవు, శొంఠి, మిరియం అయితే దానికి జోడీ కుదురుతాయి.

ప్రశ్న: యాలకుల పొడి చేసి డబ్బాలో పెట్టుకున్నాను. ఎంత వేసినా టీకి వాసన రావడం లేదు. నాసిరకం యాలకులేమో?
- కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నాసిరకమూ కావచ్చు, కానీ ముందు ఆ పొడి డబ్బానే తప్పుపట్టాలి. యాలక్కాయ వాసనంతా గింజల్లోని నూనెలో ఉంటుంది, ఆ నూనె గాలికి ఎగిరిపోయే రకం. తొక్క మూసి ఉన్నంతకాలం అది భద్రం, పొడి చేసిన మర్నాటి నుంచే తగ్గడం మొదలు. నెల తర్వాత డబ్బాలో మిగిలేది ఎక్కువగా పిప్పే. అందుకని ఎప్పటికప్పుడు రెండు కాయలు దంచుకోండి. చిన్న రోట్లో గింజలతో పాటు అరచెంచా పంచదార వేసి నూరితే ఆ నూనె పంచదారకి పట్టుకుంటుంది, రోటికి అంటుకుని వృథా కాదు.

వేయాల్సింది కూడా చివర్లోనే. అల్లంతో పాటు మొదట్లో వేసి పది నిమిషాలు మరిగిస్తే ఇల్లంతా యాలకుల వాసన వస్తుంది, టీలో మాత్రం ఉండదు. ఇంట్లో ఘుమఘుమలాడుతోందంటే కప్పులోంచి పోయినట్టే లెక్క. పాలు ఒక పొంగు వచ్చాక వేసి, పొయ్యి ఆపి, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి.

కొనేటప్పుడు ఒక కాయ విప్పి చూపించమనండి, కొట్టువాళ్లు ఏమీ అనుకోరు. గింజలు నల్లగా, జిగటగా, ఒకదానికొకటి అతుక్కుని ఉంటే కొత్త సరుకు. గోధుమ రంగుకి తిరిగి పొడిపొడిగా రాలితే పాతది. మనకు వచ్చే యాలకులు ఎక్కువగా కేరళలోని ఇడుక్కి కొండలవి, అక్కడి పుట్టడిలో, పక్కన తమిళనాడులోని బోడినాయకనూరులో వాటి వేలం జరుగుతుంది. పచ్చగా, నిండుగా ఉన్న కాయ కాస్త ఖరీదు, కానీ అది ఒకటి వేసే చోట పాతవి మూడు వేయాల్సి వస్తుంది.

ఇక తొక్కలు పారేయకండి, టీ పొడి డబ్బాలో వేసేయండి. టీ పొడి చుట్టుపక్కల ఏ వాసన ఉంటే దాన్ని పీల్చుకుంటుంది. చైనాలో మల్లెపూల టీ చేసేది ఈ గుణం మీదే, రాత్రంతా టీ ఆకు మధ్య మల్లెలు పరిచి ఉంచి, పొద్దున పూలు తీసేస్తారు, కొన్ని రకాలకు కొత్త పూలతో మళ్లీ మళ్లీ చేస్తారు. ఇదే గుణం వల్ల నష్టం కూడా ఉంది. పోపుల పెట్టె పక్కన, ఇంగువ డబ్బా పక్కన టీ పొడి పెట్టే ఇళ్లు చాలా చూశాను, ఆ టీలో ఏ మసాలా వేసినా వెనక ఇంగువ పలకరిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: వానాకాలం జలుబు రాకుండా తులసి, పుదీనా, నిమ్మగడ్డి, అల్లం, లవంగం, మిరియం, వాము, పసుపు అన్నీ వేసి టీ చేస్తున్నా. మా పిల్లలు మూతి తిప్పుకుంటున్నారు. రుచి ఎలా పెంచాలి?
- కరీంనగర్ నుంచి

జవాబు: తగ్గిస్తే పెరుగుతుందండి. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి నా జవాబు ఇదే. ఒక టీకి ఒక వాసన ముందుండాలి, కావాలంటే దానికి తోడుగా ఇంకొకటి, అక్కడితో ఆపాలి. ఎనిమిది కలిస్తే దేని రుచీ నాలుకకి అందదు, అన్నీ కలిసి చేదుగా మిగులుతాయి. జలుబుకి కషాయం కావాలంటే కషాయంలాగే కాచి వేడిగా తాగండి, దానికి పాలు, టీ పొడి ఎందుకు?

మీ ఎనిమిదిలో పసుపు, వాము టీకి నప్పవు, తీసేయండి. తులసి, లవంగం ఒకేసారి వేయకండి, రెండిటిలోనూ యూజినాల్ అనే నూనె ఉంటుంది, పంటి డాక్టరు దగ్గర వచ్చే వాసన చాలావరకు అదే. రెండూ కలిస్తే టీ కాస్తా పంటి మందులా అనిపిస్తుంది, పిల్లలు మూతి తిప్పుకోవడంలో వింత లేదు. తులసికి మిరియం తోడు బాగుంటుంది. నాలుగైదు ఆకులు తుంచి, రెండు మిరియాలు నలిపి చాలు. మిరియం నీళ్లలో అల్లంలాగే మొదట, తులసి చివర్లో పొయ్యి ఆపాక. ఆదివారం, ద్వాదశి రోజుల్లో తులసి కోయని ఇళ్లయితే ముందురోజే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచుకోవచ్చు.

నిమ్మగడ్డి గురించి ఒక భయం ఉంటుంది, నిమ్మ వాసన కదా పాలు విరుగుతాయేమో అని. విరగవు. ఆ వాసన సిట్రాల్ అనే నూనెది, నిమ్మకాయలో ఉండే పులుపు అందులో లేదు. రెండు పొడవాటి ఆకులు కడిగి, ముడివేసి, అల్లంతో పాటు నీళ్లలో వేసి మూత పెట్టి మరిగించండి. ముడివేస్తే వడకట్టేటప్పుడు తీయడం తేలిక, పైగా ఆకు నలిగి వాసన దిగుతుంది. అల్లం, నిమ్మగడ్డి జంట నాకు తెలిసినంతలో పాల టీకి అన్నిటికంటే బాగా కుదిరేది. ఒక పిలక తెచ్చి కుండీలో పెడితే ఎండ తగిలేచోట అదే గుబురుగా పెరుగుతుంది. పుదీనా మాత్రం పాలతో బాగుండదు. పాలు లేని టీలో, అదీ పొయ్యి ఆపాక వేసి మూత పెట్టండి.

ఇంకో మాట. గొంతుకి మంచిదని అతిమధురం వేర్లు కూడా మరిగించేవాళ్లు ఉన్నారు. బీపీ ఉన్నవాళ్లకి అది రోజూ పోయకండి, అందులోని గ్లిసిరైజిన్ బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఇచ్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: కొన్న టీ మసాలా బాగుండటం లేదు. ఇంట్లో చేసుకునే కొలతలు చెప్పండి అక్కా.
- హనుమకొండ నుంచి

జవాబు: రెండు పెద్ద చెంచాల యాలకులు, అంతే శొంఠి పొడి, ఒక చిన్న చెంచా మిరియాలు, ఎనిమిది లవంగాలు, రెండు అంగుళాల దాల్చినచెక్క. ఇష్టముంటే జాజికాయ రెండు మూడు గీతలు గీసినంత. వీటిని కూరల మసాలాకి వేయించినట్టు వేయించొద్దు, నూనె ఆవిరైపోతుంది. పెనం వేడిచేసి, పొయ్యి ఆపి, ఆ వేడి మీద తేమ పోయేదాకా ఆరనిస్తే చాలు. చల్లారాక పొడి కొట్టి గట్టి మూత సీసాలో పెట్టండి, మూడు వారాలకు సరిపడా మించి చేయకండి. రెండు కప్పులకి పావు చెంచా.

లవంగాలు ఎనిమిదే అని రాశాను, దయచేసి పదిహేను చేయకండి, లవంగం అన్నిటినీ మింగేస్తుంది. దాల్చినచెక్క పేరుతో బజార్లో ఎక్కువగా దొరికేది కాసియా, మందంగా, గట్టిగా, ఒక్క పొరగా ఉంటుంది. శ్రీలంక రకం అయితే కాగితంలా పలచటి పొరలు చుట్టలుగా ఉండి చేత్తో నలిపితే విరుగుతుంది, వాసన మెత్తగా ఉంటుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు, ఈ కొలతలో భయం లేదు కానీ రోజూ చెంచాలు చెంచాలు వేసుకునే అలవాటుంటే శ్రీలంక రకానికి మారండి. మిరియాలు అరకువి దొరికితే తెచ్చుకోండి, అక్కడ కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకించి పండిస్తారు, మంచి ఘాటు.

ప్రశ్న: కొత్త ఇంటికి మారాం. అదే టీ పొడి, అవే పాలు. కానీ టీ నల్లబారినట్టు ఉంటోంది, డికాషన్ మీద తెట్టులా పొర కడుతోంది.
- హైదరాబాద్ శివారు కాలనీ నుంచి

జవాబు: కొత్త ఇంట్లో బోరు నీళ్లా? అయితే కారణం దొరికినట్టే. నీళ్లలో కాల్షియం ఎక్కువైతే అది టీలోని పదార్థాలతో కలిసి పైన ఆ పొర కడుతుంది, రంగు మసకబారుతుంది, ఏ మసాలా వేసినా వాసన పైకి తేలదు. సబ్బు సరిగా నురగ రావడం లేదంటే, గిన్నెల అడుగున తెల్లటి సున్నం పొర కడుతోందంటే ఇదే సంగతి. ఫిల్టర్ నీళ్లతో ఒక్కసారి పెట్టి పోల్చి చూడండి, అర్థమైపోతుంది. ఫిల్టర్ లేకపోతే రాత్రి నీళ్లు బాగా మరిగించి కదపకుండా వదిలేయండి. సున్నంలో కొంత భాగం అడుక్కి దిగిపోతుంది, పొద్దున పైన తేట నీళ్లు మాత్రం వంచుకుని టీ పెట్టండి. పూర్తిగా పోదు కానీ తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో చదువుకున్న రోజుల్లో తాగిన ఇరానీ చాయ్ రుచి ఇంట్లో రావాలంటే ఏ మసాలా వేయాలి?
- రాజమహేంద్రవరం నుంచి

జవాబు: మసాలా ఏదీ వద్దండి. ఇరానీ చాయ్ రుచి వేసేదాంట్లో లేదు, కాచే పద్ధతిలో ఉంది. అక్కడ డికాషన్ వేరు, పాలు వేరు, రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో అయితే అరలీటరు నీళ్లలో నాలుగైదు చెంచాల టీ పొడి, కొంచెం పంచదార వేసి, మందపాటి గిన్నె మీద బరువైన మూత పెట్టి, అంచుల చుట్టూ తడిగుడ్డ గానీ గోధుమపిండి ముద్ద గానీ బిగించి, సన్నటి సెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు వదిలేయండి. బిర్యానీకి పెట్టే దమ్ లాంటిదే. ఆవిరి బయటికి పోదు కాబట్టి వాసన కూడా లోపలే తిరుగుతుంది. పక్క పొయ్యి మీద అరలీటరు చిక్కటి పాలు, మూడింట ఒక వంతు ఇగిరేదాకా, అడుగంటకుండా తిప్పుతూ కాచండి. కొందరు ఇందులో కోవా వేస్తారు, పాలు నిజంగా చిక్కనివైతే అవసరం లేదు. ముందు కప్పులో డికాషన్, దాని మీద పాలు.

అంతసేపు కాస్తే వగరు రాదా అని మీకు అనుమానం రావాలి. వస్తుంది, ఉత్త డికాషన్ నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. కానీ ఇగిరిన పాలలోని ప్రొటీన్ ఆ వగరుని పట్టేసుకుంటుంది, మిగిలేది చిక్కదనం, కమ్మదనం. అందుకే పలచటి పాలతో ఇరానీ చాయ్ ఎప్పుడూ కుదరదు. పక్కన ఉస్మానియా బిస్కెట్ ఉంటే ఇంకేం కావాలి, దాని ఉప్పదనం ఈ తీపికి సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న: అమెరికా వచ్చినప్పటి నుంచి మా ఇంటి టీ రుచి రావడం లేదు. మసాలాలన్నీ అమ్మ పంపినవే.
- న్యూజెర్సీ నుంచి

జవాబు: మసాలాలు కాదు తల్లీ, పాలు. మన ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, అక్కడ హోల్ మిల్క్ అని అమ్మేదానిలో సుమారు మూడుంపావు శాతమే. ఇంట్లో 2 పర్సెంట్ పాలు వాడుతుంటే ఇక చెప్పక్కర్లేదు. ముప్పావు కప్పు హోల్ మిల్క్‌కి పావు కప్పు హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం క్రీమ్ కలిపి అమ్మేది) కలిపి చూడండి, మన పాలకి దగ్గరగా వస్తుంది. రెండోది టీ బ్యాగులు. వాటిని వేడి నీళ్లలో ముంచి తీయడానికి చేశారు, మనలా మరిగించడానికి కాదు. ఇండియన్ స్టోర్‌లో అస్సాం సీటీసీ పొడి తెచ్చుకోండి, గుండ్రటి గింజల్లా ఉంటుంది, మరిగించినకొద్దీ రంగు దిగుతుంది. నిమ్మగడ్డి అక్కడ వియత్నాం వాళ్ల కొట్లలో కాడలుగా దొరుకుతుంది, కింది తెల్ల భాగాన్ని చితక్కొట్టి నీళ్లలో వేయండి. వేర్ల దగ్గర ముదురుగా ఉన్న కాడని గ్లాసు నీళ్లలో నిలబెడితే వేర్లు వస్తాయి, కిటికీ దగ్గర కుండీలో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: విడిగా అమ్మే టీ పొడి వేయగానే ఎర్రగా రంగు దిగుతోంది. రంగు కలిపారేమో ఎలా తెలుస్తుంది?
- కర్నూలు నుంచి

జవాబు: దీనికి మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు చెప్పిన పరీక్ష చాలా సులువు. ఒక ఫిల్టర్ పేపర్ మీద కొంచెం టీ పొడి పరిచి నీళ్లు చల్లి తడపండి. తర్వాత పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకి ఎత్తి చూడండి. మంచి పొడికి మరకలు ఉండవు, రంగు కలిపి ఉంటే వెంటనే మరకలు పడతాయి. చల్లటి నీళ్లలో చిటికెడు వేయగానే రంగు గబగబా దిగినా అనుమానించాల్సిందే. యాలకుల వాసనతో వచ్చే ప్యాకెట్లైతే వెనక సన్నక్షరాలు చదవండి, యాలకులు వేశారో ఫ్లేవర్ వేశారో అక్కడే ఉంటుంది. నన్నడిగితే ఏ వాసనా లేని పొడి కొనుక్కుని యాలక్కాయ మన చేత్తో వేసుకోవడమే మేలు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, రక్తం తక్కువ ఉందన్నారు. అన్నం తినగానే టీ తాగే అలవాటు. మసాలా టీ అయితే పర్వాలేదా?
- విజయనగరం నుంచి

జవాబు: మసాలా వేసినా టీ టీయేనమ్మా. అందులోని టానిన్లు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని స్పష్టంగా ఉంది. టీ మాన్పించకండి, సాయంత్రానికి జరపండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి ఉంటే వాటిని టీతో వేసుకోకుండా చూడండి.

ప్రశ్న: శంఖుపుష్పం టీ, గులాబీ టీ ఇంట్లో చేసుకోవచ్చా?
- తిరుపతి నుంచి

జవాబు: చేసుకోవచ్చు. శంఖుపుష్పం నీలం రంగు కోసమే, రుచి చాలా తక్కువ, నిమ్మరసం పిండితే ఊదారంగుకి మారుతుంది, పిల్లలకి సరదా. గులాబీకి మాత్రం వాసన ఉన్న నాటు గులాబీ రేకులే కావాలి. పూల కొట్లో బొకేలకి అమ్మేవి వద్దు, వాటి మీద మందులు కొడతారు, వాసనా ఉండదు. పెరట్లో పూసినవి నీడలో ఆరబెట్టి సీసాలో పెట్టుకుని, యాలకుల టీలో పొయ్యి ఆపాక నాలుగు రేకులు వేసి చూడండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. పంచదార లేని టీ తాగలేకపోతున్నారు, బెల్లం వేస్తే పర్వాలేదంటున్నారు. నిజమా?
- తెనాలి నుంచి

జవాబు: నిజం కాదండి, బెల్లం కూడా రక్తంలో చక్కెర పెంచుతుంది, ఈ విషయంలో ఆయన మాట వినకండి. ఒక్కసారిగా మాన్పిస్తే ఎవరికైనా కష్టమే, వారానికి కొంత చొప్పున తగ్గించుకుంటూ రండి, నాలుక అలవాటు పడుతుంది. ఈలోగా సాయం చేసేవి రెండున్నాయి, సోంపు, దాల్చినచెక్క. రెండిటి వాసనలోనూ తీపి తోస్తుంది. రెండు కప్పులకి అరచెంచా సోంపు నలిపి, అంగుళం దాల్చినచెక్క ముక్కతో నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించండి. టీ పొడి మాత్రం మామూలు కంటే తగ్గించి, రెండు నిమిషాలకు మించి మరగనివ్వకండి. పంచదార లేని టీ తాగలేకపోవడానికి సగం కారణం ఎక్కువ మరిగిన వగరు, దాన్ని కప్పిపెట్టడానికే మనం తీపి పెంచుకుంటూ పోతాం. పాలు కాస్త చిక్కగా పోస్తే ఆ వగరు ఇంకా తగ్గుతుంది. ముందు ఆయనకి చెప్పకుండా ఒక చెంచా పంచదార తగ్గించి ఈ టీ ఇచ్చి చూడండి, ఏమన్నారో వచ్చే నెలకి రాయండి.